కంప్యూటర్ గది తాళంకప్ప గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాళంకప్ప గారి దివ్య సముఖానికి,

అలీగఢ్‌లో పుట్టి, అమలాపురం ఇనప సామాన్ల కొట్లో కొన్నాళ్లుండి, మా కాన్వెంటు వరండా చివరి గది గొళ్లానికి వచ్చి వేలాడిన తమరికి ఒక పాత విద్యార్థి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి దయవల్ల ఆ కంప్యూటర్లు కూడా చివరిదాకా క్షేమంగానే ఉన్నాయి. ఇంత సేవ చేసినా తమరికి ఏ వార్షికోత్సవంలోనూ ఒక శాలువా కప్పలేదు. ఆ లోటు తీర్చుదామనే ఈ ఉత్తరం.

90లలో మా కోనసీమలో ఏ సెంటర్లో చూసినా కాన్వెంటు బోర్డు మీద 'కంప్యూటర్ ఎడ్యుకేషన్ కలదు' అని ఎర్ర పెయింటుతో రాసి ఉండేది. మా నాన్నగారు ఆ బోర్డు చూసే నన్ను చేర్పించారు. సార్వా ధాన్యం డబ్బులు చేతికి రాగానే ముందు కంప్యూటర్ ఫీజు కట్టి, తర్వాతే ఎరువుల కొట్టు బాకీ సంగతి చూసేవారు.

శుక్రవారం ఆఖరి పీరియడు మాది. చెప్పులు వరండాలో విడిచి, కాళ్లు కడుక్కుని లైన్లో నిలబడేవాళ్లం. చెప్పులతో వెళ్తే వైరస్ వస్తుందని రూలు. అటెండరు మొలకి కట్టుకున్న గుత్తి తీసి ఒక్కో చెవీ పెట్టి తిప్పేవాడు. ఏడు లీవర్ల వారు కదా, తమరు అంత తొందరగా లొంగేవారు కాదు. తలుపు తెరుచుకునేసరికి సగం పీరియడు అయిపోయేది. లోపల్నించి ఏసీ చల్లదనం, అగరొత్తుల వాసన ఒకేసారి వచ్చి తగిలేవి. మానిటర్ల మీద కరస్పాండెంటు గారి భార్య స్వయంగా కుట్టిన చిలకల ఎంబ్రాయిడరీ ముసుగులు. ముసుగు తీస్తే గాజు మీద పసుపు, కుంకుమ. దసరాకి కీబోర్డుకి అటొకటి ఇటొకటి నిమ్మకాయ. కొబ్బరికాయ మాత్రం వరండాలోనే కొట్టేవారు, నీళ్లు చిందుతాయని. కోనసీమలో కొబ్బరినీళ్లకి ప్రవేశం లేని గది అదొక్కటే అయి ఉంటుంది.

మిషన్లు మూడు, పనిచేసేది ఒకటి, పిల్లలం క్లాసుడు. అందుకని రోల్ నంబర్ ప్రకారం తలా ఒక మీట నొక్కనిచ్చేవారు. క్లాసంతా కలిసి ఒక్క లైను టైపు చేస్తే పీరియడు అయిపోయేది. నా వంతుకి స్పేస్ బార్ వచ్చింది. అన్నిట్లోకీ పెద్ద మీట. ఇంటికెళ్లి ఆ సంగతి చెబితే మా నానమ్మ దిష్టి తీసింది.

మిగతా చదువంతా నల్లబల్ల మీదే. కంప్యూటర్ సారు పాపం కాకినాడలో డిప్లొమా చేసి, రెండు బస్సులు మారి వచ్చేవారు. ఎనియాక్ అనే తొలినాళ్ల కంప్యూటర్ 1946లో వచ్చిందని, 30 టన్నుల బరువని, దాన్లో సుమారు 18 వేల వాక్యూమ్ ట్యూబులున్నాయని మాకు కంఠతా వచ్చేలా చేశారు. మా గదిలో ఉన్న కంప్యూటర్‌కి స్విచ్ ముందుంటుందో వెనకుంటుందో మాత్రం ఎవరికీ తెలీదు. అది పరీక్షలో వచ్చే ప్రశ్న కాదు.

తర్వాత బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష. '10 ప్రింట్ హలో, 20 గోటూ 10' అని బల్ల మీద రాశారు. కింద 'అవుట్‌పుట్' అని గీత గీసి హలో, హలో, హలో అని రాసుకుంటూ పోయారు. మళ్లీ పదో లైనుకే పొమ్మనడం తప్ప ఆపమనే ఆజ్ఞ ఆ ప్రోగ్రాంలో లేదు కాబట్టి బల్ల అడుగుదాకా వచ్చారు. సుద్దముక్క అరిగిపోయింది. ఇంతలో లాంగ్ బెల్ కొట్టారు, ప్రోగ్రాం ఆగింది. ఈ బేసిక్‌ని 1964లో అమెరికాలో డార్ట్‌మౌత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు మేస్టార్లు తయారుచేశారు. సైన్సు చదవని పిల్లలు కూడా తమంతట తాము వచ్చి కూర్చుని కంప్యూటర్ వాడుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. వాళ్లకి తమరితో పరిచయం లేదు.

ఒకసారి మా వాడొకడు ధైర్యం చేసి హెడ్మాస్టర్ గారిని అడిగాడు.

"సార్, మేం ఆన్ చేయొచ్చాండి?"

"ఆన్ చేస్తే పాడైపోదురా?"

"మరెందుకు కొన్నారండి?"

"నువ్వు రెండో టెర్మ్ ఫీజు కట్టావా?"

వాడు తర్వాత ఏమీ అడగలేదు.

అలాగని తప్పంతా తమరిదనను. అప్పట్లో ఫైళ్లు దాచుకునే పల్చటి డిస్కులు, ఆ ఫ్లాపీల మీద మీ వాళ్లకున్న అనుమానంలో కొంత న్యాయం ఉంది. 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ అనే వైరస్ ఫ్లాపీల్లో ఎక్కే ఊళ్లు తిరిగింది (చెప్పుల్లో మాత్రం ఎక్కలేదు). మా ఏటిగట్టు ఊళ్ల తేమకి ఫ్లాపీకి బూజు పట్టేది, అదీ నిజమే. కానీ అసలు పెత్తనం స్టాక్ రిజిస్టరుది. ప్రభుత్వ బళ్లలో ఆ కథ ఇంకా పాతది. 1984లోనే ఎన్‌సీఈఆర్‌టీ, ఎలక్ట్రానిక్స్ శాఖ కలిసి 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టి, తొలి విడతలో సుమారు 250 బళ్లకి బీబీసీ మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చాయి. మెమరీ 32 కేబీ. ఇవాళ పొద్దున్నే ఫోన్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. అయినా ఆ రోజుల్లో అది ఖరీదైన సొత్తు. సొత్తు రిజిస్టర్లోకి ఎక్కిందంటే దానికి ఒక సంతకం, ఆ సంతకానికి ఒక జీతం. మిషన్ పాడైతే ఎవరి జీతంలోంచి కోస్తారో అందరికీ తెలుసు. పదేళ్లు ముసుగు తీయకపోతే ఎవరి జీతంలోంచీ కోయరు. ఇక ఏ మేస్టారు మాత్రం తమరిని నమ్ముకోకుండా ఉంటాడండి?

తమరి భక్తి ఎంతటిదో 1996 నవంబరు 6 రాత్రి చూశాం. తుపాను మా కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసిన రాత్రి. పాకలు లేచిపోయిన జనం పిల్లల్ని చంకనేసుకుని బడికొచ్చారు. క్లాసు గదులన్నీ తీశారు, ఆఫీసు గది కూడా తీశారు. ముసలాళ్లు వరండాలో జల్లుకి తడుస్తూ తమరి తలుపుకే ఆనుకుని కూర్చున్నారు. తమరు కదల్లేదు. లోపల మూడు కంప్యూటర్లు పొడిగా ఉన్నాయి.

ఇంతటి మీకు 1999లో ఒక అవమానం జరిగింది. ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్ర అనే ఆయన తన ఆఫీసు గోడకి కన్నం పెట్టించి, అవతలి మురికివాడ పిల్లలకి అందేలా కంప్యూటర్ బిగించాడు. తలుపు లేదు, చెప్పుల రూలు లేదు, సారు లేడు. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి మౌస్ తిప్పడం, ఇంటర్నెట్ చూడడం వాళ్లే నేర్చేసుకున్నారు. దాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు గానీ, తమరి జాతి పరువు మాత్రం ఆ కన్నంలోంచి పోయింది. మా వైపు గోడకి కన్నం పెట్టేది దొంగలే అనుకునేవాళ్లం.

డిగ్రీలో తమరి అన్నగారి దర్శనమైంది. ఆయన మరీ నిష్ఠాపరుడు. రికార్డులో ప్రోగ్రాం చేత్తో రాసి, అవుట్‌పుట్ బజార్లో డీటీపీ కొట్టు నుంచి ప్రింటు కొనుక్కొచ్చి అంటించేవాళ్లం. ప్రాక్టికల్స్ రోజు కరెంటు పోయింది. ఎగ్జామినర్ గారు నాటుకోడి పులుసు తిని, అందరికీ మంచి మార్కులే వేసి, పొద్దుండగానే బస్సెక్కారు. ఆ మార్కులు పట్టుకుని అమీర్‌పేట వెళ్తే, అక్కడ గంటకింత అని తీసుకుని మిషన్ ముందు వదిలేశారు. ఎవరైనా వచ్చి లేపుతారేమోనని మా గోదావరి కుర్రాళ్లు కొన్నాళ్లు కుర్చీ అంచునే కూర్చున్నారు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తెలిసింది, తమరి గది ఖాళీ చేశారట. పాత ఇనుము కొట్టాయన వచ్చి మూడు కంప్యూటర్లూ ఎత్తి చూసి, పెదవి విరిచి, మానిటర్ల గాజు ఎవడిక్కావాలండి అన్నాట్ట. ఒక దాన్లో ఎలకలు పిల్లల్ని కూడా పెట్టాయి. ఆఖరికి గొళ్లానికి వేలాడుతున్న తమరిని చేత్తో తూచి, "ఇది ఇత్తడండి, ఇదైతే మంచి రేటిస్తాను" అన్నాట్ట. కరస్పాండెంటు గారి అబ్బాయి మాత్రం ఒప్పుకోలేదు. వచ్చే జూన్ నుంచి ఏఐ ల్యాబ్ పెడుతున్నామని, తమరితో పనుందని చెప్పాట్ట.

ఇట్లు,
తమరి విధేయుడు,
స్పేస్ బార్ నొక్కినవాడు