చెల్లని వెయ్యి

మొన్న మంగళవారం జరిగింది. ఇంకా చెవులు వేడిగానే ఉన్నాయి.

కెన్యా రాజధాని నైరోబీ నాకు కొత్త కాదు. 2009 నుంచి 2013 దాకా అక్కడ ఒక కంపెనీలో లెక్కలు రాశాను. అందుకే ఈసారి బయలుదేరే ముందు ఎవరి సలహా అక్కర్లేదనుకున్నాను, మా తోడల్లుడిది తప్ప. అతనూ అక్కడ పనిచేసి వచ్చినవాడే. "విమానాశ్రయంలో డబ్బు మార్చకండి అన్నయ్యా, నిలువునా దోచేస్తారు" అని తన దగ్గరున్న వెయ్యి షిల్లింగుల నోట్లు 14 చేతిలో పెట్టాడు. ఊరికే కాదు. ఆ రోజు రేటు ఫోనులో చూసి, పైసలతో సహా లెక్కకట్టి, రూపాయలు తన ఖాతాలో పడ్డాకే కాఫీ తెప్పించాడు. నా బీరువాలోవి మరో 6. మొత్తం 20,000. నైరోబీలో దిగి, డబ్బు మార్చే కౌంటర్ల ముందు నుంచి పెళ్ళికొడుకులా నడిచి వచ్చాను.

మర్నాడు వెస్ట్‌లాండ్స్ వెళ్ళడానికి మటాటు ఎక్కాను. మన షేర్ ఆటోకు పెద్దన్న లాంటి వ్యాను అది. మ్లోలొంగో నుంచి 27 కిలోమీటర్ల కొత్త ఎక్స్‌ప్రెస్‌వే తలపైన సాగిపోతోంది. నేను గుర్తుపెట్టుకున్న మలుపులన్నీ దాని కింద ఎక్కడో కలిసిపోయాయి. కండక్టరును అక్కడ 'కొండ' అంటారు. ఇతను పేరుకు తగ్గట్టే ఉన్నాడు.

వెయ్యి నోటిచ్చాను. చిల్లర లేదని విసుక్కుంటాడనుకుంటే, దాన్ని వెలుతురుకెత్తి శాసనం చదివినట్టు చూసి, "మ్జే, హీ ని యా జమానీ" అన్నాడు. 'పెద్దాయనా, ఇది పాతకాలానిది' అని. ఇక్కడే చిక్కు. వయసు మీరిన ఎవరినైనా అక్కడ మ్జే అంటారు. తొలి అధ్యక్షుడు జోమో కెన్యాటానూ అలాగే పిలిచేవారు. నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. మరి ఈ కొండ పలకరించింది నన్నా, ఆయన్నా? పాతకాలానిది నోటా, నేనా? జుట్టుకు రంగు వేసుకుని మరీ వెళ్ళాను.

ఈలోగా నోటు హారతి పళ్ళెంలా వరసవరసకూ తిరిగింది. ఒక కాలేజీ అమ్మాయి ఫోటో తీసుకుంది. టై కట్టుకున్న ఒకాయన వెనక్కి తిరిగి నాకు రాజ్యాంగం బోధించాడు. 2010 రాజ్యాంగం ప్రకారం నోట్ల మీద ఏ వ్యక్తి ముఖమూ ఉండకూడదట. అందుకే 2019లో కొత్త నోట్లు వచ్చాయట. పాత వెయ్యి ఆ ఏడాది సెప్టెంబర్ 30 దాకానే చెల్లిందట. ఒక్కో 'అట'కూ నా జేబులో ఒక్కో కట్ట చిత్తుకాగితమైపోతోంది. "మీ దేశంలోనూ ఇలాగే చేశారు కదా?" అని మర్యాదగా అడిగాడు. చేశారు. 2016 నవంబరులో మా అమ్మ చీర మడతల్లోంచి నోట్లు తీసినప్పుడు "నీకు లోకం తెలియదమ్మా" అని నవ్వినవాణ్ణి నేనే.

మా తోడల్లుడికి ఈ సంగతి తెలియదా? తెల్లవారకముందే ప్రపంచ ఆర్థిక వ్యవస్థ మీద నాకు సందేశాలు పంపే మనిషికి?

"ఎం-పెసా?" అన్నాడు కొండ. ఫోనులో డబ్బు పంపడం 2007లోనే మొదలుపెట్టిన దేశమది. అప్పట్లో టమాటాలమ్మే ఆవిడ ఫోనులో వేయమంటే, "నాకు నోట్లే నమ్మకం" అని గొప్పగా చెప్పాను. ఇప్పుడు నా ఫోనులో ఉన్నది హైదరాబాదు సిమ్. చివరికి ఆ కాలేజీ అమ్మాయే నా చార్జీ కట్టేసింది. ఏమివ్వాలో తోచక ఆ చెల్లని వెయ్యే ఆమె చేతిలో పెట్టాను. "అసాంతే, బాబు" అంది నవ్వుతూ. బాబు! ప్రాణం లేచొచ్చింది. రెండు స్టాపులు దాటాక గుర్తొచ్చింది, స్వాహిలిలో బాబు అంటే తాత.

సాయంత్రం గదికి చేరి వైఫై తగలగానే తోడల్లుడి సందేశం: "అన్నయ్యా, పాత సూట్‌కేసులో ఇంకో నాలుగు దొరికాయి. రేటు కొంచెం పెరిగింది."