వియత్నాంలో కాల్చేది డాలర్లు కాదు, అది పితృపక్షమూ కాదు

ఒక వీడియో, దాని కింద నాలుగు వాక్యాలు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. "వియత్నాం బౌద్ధులు పితృపక్షంలో నిజమైన డాలర్లు కాల్చి పెద్దలకు పంపుతారు. నిలువెత్తు గుర్రపు బొమ్మలనూ తగలబెడతారు. మంట పెరగడానికి మద్యం పోస్తారు. ఎంత కాలిస్తే అంత పుణ్యమని వాళ్ల మతం." ఇందులో దాదాపు ప్రతి మాటా తప్పే.

ముందు డాలర్ల సంగతి. అవి పరలోకపు డబ్బుగా అచ్చువేసిన ఉత్త కాగితాలు. ఇలాంటి కాగితపు కానుకలన్నిటినీ కలిపి 'వాంగ్ మా' అంటారు. హనోయ్ పాతబస్తీలోని హాంగ్ మా వీధిలో కట్టలు కట్టలుగా అమ్ముతారు. చెక్క అచ్చుల బొమ్మలకు పేరుపడ్డ డోంగ్ హో గ్రామంలో చాలా కుటుంబాలు ఇప్పుడు ఈ పని మీదే బతుకుతున్నాయి. గుడి పళ్లేల్లో కనిపించే చిల్లర నోట్లు మాత్రం అసలైనవే. కానీ అవి కానుకలు, వాటిని కాల్చరు.

"బౌద్ధుల మతం" అన్న మాట ఇంకా పెద్ద తప్పు. ఏడో చాంద్రమాసపు పౌర్ణమికి అక్కడ వూ లాన్ పండుగ. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తున్న తల్లిని విడిపించిన కథే దానికి మూలం. ఆ కథలో బుద్ధుడు చెప్పిన ఉపాయం భిక్షు సంఘానికి భోజనం పెట్టమని. కాగితం ఊసే లేదు. 2018 ఫిబ్రవరిలో వియత్నాం బౌద్ధ సంఘమే తన ఆలయాల్లో కాగితాలు కాల్చడం మానాలని శాఖలకు లేఖ రాసింది. ఈ అలవాటు చైనా ప్రభావంతో వచ్చి జనంలో స్థిరపడినది.

పితృపక్షం అన్న పొరపాటు ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. 2025లో వాళ్లకు అధికమాసం రావడంతో ఆ పౌర్ణమి సెప్టెంబర్ 6న పడింది, మన భాద్రపద పౌర్ణమి 7న. 2024లో అయితే అది ఆగస్టు 18, మన శ్రావణ పౌర్ణమికి ముందురోజు. కాబట్టి రెంటికీ ముడి లేదు. అసలు వదిలేయకూడని తేడా వేరే ఉంది. వూ లాన్ రోజున రెండు వేర్వేరు నైవేద్యాలు పెడతారు. ఇంట్లో పీఠం మీద పెద్దలకు పూర్తి భోజనం. ఇంటి బయట, గుమ్మం ముందు, దిక్కులేని ఆత్మలకు పల్చటి గంజి, పేలాలు, చిలగడదుంపలు, మిఠాయిలు. చివర్లో ఉప్పూ బియ్యమూ చల్లుతారు. గుమ్మం ముందున్న ఈ నైవేద్యాన్ని చూసి "పెద్దలకు పెడుతున్నారు" అనడం ఆ కుటుంబపు పెద్దలను అనాథలుగా లెక్కగట్టడమే. పెద్దల కోసం ఏటా చేసే అసలు కార్యం 'జో', అంటే చనిపోయిన చాంద్ర తిథికి జరిపేది. మన తద్దినానికి దగ్గరగా ఉన్నది ఇదే. అందులో అగరొత్తులు, అందరూ కలిసి తినే భోజనం ముఖ్యం. కాగితం లేకపోయినా జో జరిగినట్టే.

నిలువెత్తు గుర్రాలు, ఏనుగులు, పడవలు చాలావరకు మాతృదేవతల ఆరాధనకు చెందినవి. 2016లో యునెస్కో జాబితాకెక్కిన సంప్రదాయం అది. పూనకంతో సాగే ఆ క్రతువుల్లో వాటిని దేవతలకు, వారి పరివారానికి సమర్పిస్తారు. పెద్దలకు వెళ్లేవి సాధారణంగా కాగితపు బట్టలు, డబ్బు, బంగారు రేకులు. ఈమధ్య ఫోన్లు, కార్ల బొమ్మలు కూడా చేరాయి.

"ఎంత కాలిస్తే అంత పుణ్యం" అనే నియమం ఎక్కడా లేదు. 1939లో మొదలైన హోవా హావో శాఖ బౌద్ధులు కాగితం అసలు కాల్చరు. వాళ్ల పీఠం మీద శుభ్రమైన నీళ్లు, పూలు, అగరొత్తులే ఉంటాయి. అక్కడి కాథలిక్కులు 1965 నుంచి చర్చి అనుమతితోనే పెద్దలకు అగరొత్తులు వెలిగిస్తున్నారు, కాగితం జోలికి పోరు. ప్రభుత్వమైతే వాంగ్ మా మీద 70 శాతం ప్రత్యేక వినియోగ పన్ను వేస్తోంది.

ఇక మద్యం. వీడియోలో పోస్తున్నది బియ్యపు సారా. మంట రగల్చడానికి కాదు, మంట ఆరాక బూడిద మీద కొన్ని చుక్కలు వేస్తారు. పంపినవి అప్పుడే పెద్దలకు అందుతాయని నమ్మకం. క్రమం ఇలా ఉంటుంది: బేసి సంఖ్యలో అగరొత్తులు వెలిగించి పెద్దలను పిలుస్తారు. అవి చాలావరకు కాలాక అనుమతి అడిగి పీఠం మీది కాగితాలను దించుతారు. ముందు ఇంటి దేవతలవి, తర్వాత పెద్దలవి, రెండూ కలపకుండా కాలుస్తారు. కట్టను కట్టగానే మంటలో వేస్తే లోపలికి గాలి అందక అంచులే మాడి పొగ కమ్ముతుంది. కాలనిది చేరనట్టే లెక్క. కర్రతో పొడిస్తే సరుకు చిరుగుతుందంటారు. అందుకే ప్లాస్టిక్ చుట్టు తీసేసి, రేకులను విడదీసి కొంచెం కొంచెంగా వేస్తారు. గాలికి నిప్పురవ్వలు లేవకుండా చిల్లుల మూత ఉన్న ఇనుప డబ్బా వాడతారు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కాలిస్తే ఆ రవ్వలే పై అంతస్తు బట్టలకు అంటుకుంటాయి. చాలా భవనాల్లో కింద ఉమ్మడి కొలిమి ఉన్నది ఇందుకే.