జీతాల పట్టీ చేతిలో ఉన్నంతకాలమే దోస్తుం

అఫ్గాన్ ఉజ్బెక్ కమాండర్ అబ్దుల్ రషీద్ దోస్తుం పేరెత్తితే చాలు, గోడ మీద పిల్లి అనేస్తారు. తనను పోషించిన కమ్యూనిస్టు అధ్యక్షుడు నజీబుల్లాకు ఎదురుతిరిగి ముజాహిదీన్ నేత మసూద్‌తో చేతులు కలిపారు. 1994 జనవరి 1న మరో ముజాహిదీన్ నేత హెక్మత్యార్‌తో కలిసి అదే మసూద్ మీదికి ఫిరంగులు తిప్పారు. తనను హంతకుడన్న అష్రఫ్ ఘనీ అధ్యక్షుడైతే, ఆయనకే 2014లో ఉపాధ్యక్షుడయ్యారు. అంతా నిజమే. కానీ అఫ్గాన్ యుద్ధంలో పక్షం మారని కమాండర్ పేరు చెప్పమంటే తడుముకోవాల్సిందే. ఆయన మనుషులకు జీతం ఏ ఏడు ఎవరిచ్చారో చూస్తే లెక్క తేలుతుంది.

1954లో ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని జౌజ్‌జాన్ రాష్ట్రంలో ఓ పేద ఉజ్బెక్ రైతు ఇంట పుట్టి, షెబర్ఘాన్ గ్యాస్ క్షేత్రంలో పనిచేశారు. ఆ క్షేత్రానికి కాపలా కాసిన చిన్న దళమే 1980ల్లో పెరిగి పెరిగి 53వ డివిజన్ అయింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేన వెళ్లిపోయాక, మామూలు సైన్యం ఆనని చోటికల్లా నజీబుల్లా వీళ్లనే పంపేవారు. డబ్బు, టాంకులు కాబూల్‌వి. మాట మాత్రం దోస్తుం చెప్పిందే. రాజధాని జీతం తీసుకునే జవాను తన ఊరి కమాండర్‌కే లొంగి ఉన్నాడు. డబ్బు ఆగిననాడు ఆ బలగం ఎటు నడుస్తుందో ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు.

1992 జనవరి 1తో మాస్కో సాయం ఆగింది. సరిగ్గా అదే నెలలో హైరతాన్ దండు అధిపతి, తాజిక్ జనరల్ అబ్దుల్ మొమిన్‌ను తప్పించి ఓ పష్తూన్ జనరల్‌ను కూర్చోబెట్టాలని చూశారు నజీబుల్లా. హైరతాన్ అంటే ఉజ్బెకిస్తాన్ సరిహద్దులో అమూ దర్యా నది మీద వంతెన, దాని పక్కన సోవియట్ సరుకు దిగే గోదాములు. ఉత్తరానికి అన్నం, ఆయుధం వచ్చే గుమ్మం అది. మొమిన్ కదలనన్నారు, దోస్తుం ఆయన వెనక నిలిచారు. మార్చికల్లా ఉత్తరాదిలోని పెద్ద నగరం మజార్-ఎ-షరీఫ్ నజీబుల్లా చేజారింది. ఏప్రిల్‌లో, కుటుంబం అప్పటికే చేరిన ఢిల్లీకి బయల్దేరిన నజీబుల్లాను కాబూల్ విమానాశ్రయం దగ్గర వెనక్కి పంపింది దోస్తుం మనుషులే.

తర్వాత ఐదేళ్లు మజార్ ఆయన రాజ్యం. సొంత విమాన సంస్థ, సొంత నోట్లు! ఆ నోట్లు చూపుకు కాబూల్ అఫ్గానీల్లాగే ఉండేవి, విలువలో సగం. 2002 అక్టోబరులో కరెన్సీ మార్చినప్పుడు ఒక కొత్త అఫ్గానీకి మామూలు పాతవి 1,000 ఇస్తే సరిపోయేది. దోస్తుం నోట్లయితే 2,000 ఇవ్వాల్సి వచ్చింది. జీతాలకు నోట్లు అచ్చేసుకున్న పాలకుడి పరపతికి ఇంతకన్నా కచ్చితమైన తూకం దొరకదు. 1997 నాటికి ఆ జీతాలు కూడా నెలల తరబడి అందలేదు. తన అన్న రసూల్ హత్య వెనక దోస్తుం ఉన్నారని నమ్మిన ఆయన సొంత కమాండర్ అబ్దుల్ మాలిక్ ఆ మేలో తాలిబన్లకు తలుపు తీశారు. దోస్తుం టర్కీ చేరారు.

2001లో డాలర్లు వచ్చాయి. అమెరికా ప్రత్యేక దళాలు గుర్రాలెక్కి ఆయన వెంట దారా-ఎ-సూఫ్ లోయ దిగాయి. నవంబరులో మజార్ మళ్లీ దక్కింది. లొంగిపోయిన తాలిబన్లను కంటైనర్లలో కుక్కి షెబర్ఘాన్‌కు తరలిస్తుంటే చాలామంది ఊపిరాడక చనిపోయారన్నది ఆ గెలుపు వెన్నంటే వచ్చిన ఆరోపణ. షెబర్ఘాన్ దగ్గరి దష్త్-ఎ-లైలీ ఎడారిలో సామూహిక గోతులు బయటపడినా పూర్తి దర్యాప్తు జరగనే లేదు. కొత్త ప్రభుత్వానికి ఆయన అవసరం ఉంది మరి.

ఆ అవసరం ఓట్ల వరకే. 2004 అధ్యక్ష ఎన్నికల్లో సుమారు 10 శాతం ఓట్లతో నాలుగో స్థానంలో నిలిచారు. వాటిలో ఎక్కువ ఉజ్బెక్ ఓట్లు. ఆయన్ను దగ్గరికి తీసినవాళ్లకు కావలసిందీ ఆ మూటే. ఈలోగా ఆయుధాలు అప్పగించే కార్యక్రమం నడిచింది, జీతాల పట్టీ రక్షణ శాఖకు పోయింది. 2005లో ఇచ్చిన సర్వసైన్యాధ్యక్షుడి చీఫ్ ఆఫ్ స్టాఫ్ పదవికి బల్ల, కుర్చీ తప్ప పటాలం లేదు. ఉపాధ్యక్షుడిగా ఉండగానే, ప్రత్యర్థి అహ్మద్ ఇష్చీని నిర్బంధించి హింసించారన్న ఆరోపణ వచ్చింది. దాన్ని ఖండిస్తూనే 2017లో మళ్లీ టర్కీ వెళ్లారు. ఏడాది పైన గడిచాక తిరిగొచ్చారు. 2020లో, ఘనీకీ ఎన్నికల్లో ఆయన ప్రత్యర్థి అబ్దుల్లాకీ కుదిరిన ఒప్పందంలో భాగంగా, మార్షల్ హోదా కూడా దక్కింది.

హోదాకు జవాన్లు రారు. 2021 ఆగస్టు 7న షెబర్ఘాన్, వారానికి మజార్ పడిపోయాయి. మార్షల్ దోస్తుం హైరతాన్ దారి పట్టారు.