కెమెరా హోటల్ గడప దాటితేనే సీమ వంట కనిపిస్తుంది

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో తిండి వీడియోలు చేయడమే పూర్తికాలపు బతుకుతెరువుగా పెట్టుకున్న యువకులు ఇప్పుడు పేటకొకరు కనిపిస్తున్నారు. తింటూ సంపాదించడం కంటే సుఖమైన పని ఇంకేముంటుందని చూసేవాళ్లు అనుకుంటారు గానీ, ఆ పనిలో తినడం అతి చిన్న భాగం. రోజులో ఎక్కువ భాగం హోటల్ యజమానుల చుట్టూ తిరగడానికే సరిపోతుంది, ఎందుకంటే డబ్బు అక్కడి నుంచే రావాలి. డబ్బు ఎటు నుంచి వస్తే కెమెరా అటే తిరుగుతుంది. సీమ ఇళ్లలో ఇన్ని రకాల వంటలు బతికే ఉన్నా, తెర మీద మాత్రం సంగటి, నాటుకోడి, ఎర్రకారం దోశ, బిర్యానీ తప్ప మరొకటి కనిపించకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నిశ్చితాభిప్రాయం.

ఈ వృత్తిలో ఒక రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. ఉగ్గాని పొద్దునపూట పలహారం. తొమ్మిది దాటితే బండి దగ్గర మిగిలేది చల్లారిన బొరుగులే కాబట్టి, వీడియో తీసేవాడు ఆరు గంటలకల్లా అక్కడ ఉండాలి. బొరుగులను నీళ్లలో ముంచిన వెంటనే పిండకపోతే ముద్దయిపోతాయి. పిండిన బొరుగులు ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసిన పోపులో పడి, పైన పప్పుల పొడి చల్లి కలిపేదాకా పట్టేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త వ్యవధిలోనే పై నుంచి ఒక షాట్, పక్క నుంచి ఒక షాట్, పోపు చిటపటల శబ్దం, నూనెలోంచి తేలే మిరపకాయ బజ్జి, అన్నీ దొరకాలి. ఒకటి తప్పినా మరో వాయి వేసేదాకా ఆగాలి. అప్పటికే బండి ముందు ఆటో డ్రైవర్లు, మార్కెట్ హమాలీలు పనికి ఆలస్యమవుతోందని తొందరపడుతుంటారు. ‘అన్నా, ఇంకొక్కసారి గరిటె తిప్పుతావా’ అని వాళ్ల ముందు అడగడానికి కొంత మొహమాటం చంపుకోవాలి.

మధ్యాహ్నం పని ఇంకా కష్టం. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కలపకుండా మూతపెట్టి, పిండి ఆవిరికి మగ్గిన తర్వాతే కర్రతో కెలకాలి. అప్పుడే సంగటి ఉండలు కట్టకుండా వస్తుంది. అలా చేసిన ముద్దను పళ్లెంలో పెట్టిన కొద్ది నిమిషాలకే పైన పొర కట్టి, పగుళ్లు తేలుతాయి. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోయడం, పులుసు వంచడం, తుంచిన ముద్దలోంచి ఆవిరి లేవడం కెమెరాకు చిక్కేసరికి అతను తినవలసిన సంగటి గట్టిపడి ఉంటుంది. మాట స్పష్టంగా రికార్డు కావాలంటే ఫ్యాను ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో కడపలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఫ్యాను ఆపిన గదిలో కూర్చుని, చెమట తుడుచుకుంటూ, చల్లారిన ముద్దను ‘వేడివేడిగా ఉంది’ అంటూ మింగడం ఆ వృత్తిలో మామూలు విషయం. ఆకలి ఉన్నా లేకపోయినా సాయంత్రం మరోచోట బిర్యానీ తినాలి, రాత్రి ఇంకోచోట కబాబ్ తినాలి. కడుపులో మంట, నిద్రలేమి, పెరిగే బరువు ఈ పనితోపాటు వచ్చేవే, వాటికి ఏ హోటలూ డబ్బు ఇవ్వదు.

ఇంటికి చేరాక రెండో పూట కూలి మొదలవుతుంది. ఫుటేజీ ఎక్కించుకోవడం, పనికిరానిది కోసేయడం, గొంతు ఇవ్వడం, అక్షరాలు పెట్టడం, థంబ్‌నెయిల్ తయారుచేయడం, జనం ఫోన్లు చూసే సాయంత్రం వేళకు రీల్ సిద్ధం చేయడం చాలామంది ఒక్క చేతిమీద చేసుకునే పనులే. దీని మధ్యలో ఫోన్లు. కొత్తగా తెరిచిన హోటల్ వాళ్లు ‘ఎంత తీసుకుంటావు, ఎన్ని వ్యూస్ గ్యారంటీ’ అని అడుగుతారు. బేరం కుదిరితే ఏ వంట చూపించాలో, ఏ మాట అనాలో, రేటు ఎప్పుడు చెప్పాలో వాళ్లే నిర్ణయిస్తారు. బాగాలేని కూరను బాగాలేదని చెప్పే అవకాశం ఆ బేరంలోనే పోతుంది.

ఈ బేరం తప్పడానికి వీల్లేని పరిస్థితిని కల్పించింది వేదికల లెక్కలు. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, దానితోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ రావాలి. ఆ గీత దాటిన తర్వాత పెద్ద వీడియోపై వచ్చే ప్రకటన ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌కు కేటాయించిన మొత్తంలో 45 శాతం చేతికొస్తుంది. తెలుగు వీడియోపై ప్రకటనదారు పెట్టే ధర తక్కువ కనుక ఆ శాతాల్లోంచి ఇంటి అద్దె, పెట్రోలు, ఫోను వాయిదా గడవవు. ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కైతే అలాంటి స్థిరమైన వాటా కూడా లేదు. పైగా మన పట్టణాల్లో తిండి వ్యాపారానికి పండుగల, దీక్షల లెక్క ఒకటుంది. రంజాన్ నెలలో కర్నూలు, కడప పాతబస్తీల్లో హలీం కోసం బేరాలు వరసగా వస్తాయి, కార్తీకం, అయ్యప్ప దీక్షల రోజుల్లో మాంసాహార హోటళ్లు చల్లబడి ఫోన్లు మోగవు. జీతం, సెలవు, పీఎఫ్ ఏవీ లేని ఈ పనిని వినోదమని పిలవడం అన్యాయం. ఇది ముమ్మాటికీ కూలిపని, చేసిన వీడియోకింత అనే లెక్కన నడిచే కూలిపని.

కూలిపని అన్నంత మాత్రాన దాని బాధ్యత తగ్గదు. డబ్బు తీసుకుని చేసిన వీడియోలో ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. ఉచితంగా ఇచ్చిన భోజనం, బస, బహుమతి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. మన వీడియోల్లో చాలావాటిలో ఆ మాట వినిపించదు, వినిపించినా వివరణ పెట్టెలో ఎవరూ తెరవని చోట ఉంటుంది. తన కష్టార్జితంతో ఆదివారం కుటుంబాన్ని భోజనానికి తీసుకెళ్లే సామాన్యుడికి, తాను చూసినది సిఫారసో ప్రకటనో తెలుసుకునే హక్కు ఉంది.

రోడ్డు పక్కన దోశల బండి నడిపే మనిషికి ఒక్క వీడియోతో గిరాకీ పెరిగి బతుకు మారిన ఉదంతాలు ఉన్నాయని, జనం చూసేదే వాళ్లు చూపిస్తున్నారని, ఇందులో తప్పేముందని కొందరి వాదన. బండ్లవాళ్లకు మేలు జరిగిన మాట నిజమే, దానికి సంతోషించాలి. కానీ బండి మనిషి వేలకు వేలు ఇచ్చుకోలేడు, అతని వంతు నెలకో రెండు నెలలకో ఒకసారి వస్తే మిగిలిన రోజులన్నీ డబ్బున్న హోటళ్లవే. జనం చూసేది చూపిస్తున్నామన్న మాట అంతకంటే బలహీనం. చూపించనిదాన్ని జనం ఎలా చూస్తారు?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. సీమ అంటే కారం, సీమ అంటే మాంసం, సీమ అంటే మీసం అనే బొమ్మను 1990ల చివర నుంచి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు గీసిపెట్టాయి. తిండి వీడియోలు ఆ బొమ్మకే రంగులు వేస్తున్నాయి. ఎర్రకారం తిని కళ్లలో నీళ్లు తిప్పుకోవడం, నాలుక బయటపెట్టి ఆయాసపడటం, ‘ఇది సీమ దెబ్బ’ అనడం రీళ్లలో ఒక ఆనవాయితీ అయిపోయింది. ఎండుమిరప, ఉల్లి, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్రకారంలో ఉన్న తీపి, పులుపు, ఉల్లి వాసన గురించి ఒక్క మాట వినబడదు. అనంతపురంలో సాలీనా సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అంత తక్కువ నీటితో పండేవాటినే తిని, వాటిలోనే రుచి కనిపెట్టిన జనం వంట ఇది. దాన్ని పౌరుషం ప్రదర్శనగా మార్చడం ఆ జనానికి జరుగుతున్న అవమానం.

కొర్రన్నం, సద్దరొట్టె, జొన్నసంగటి మన తాతల కాలంలో రోజువారీ తిండి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక అవి మెల్లగా వెనక్కి వెళ్లాయి. వరి అన్నం పేదింటికి చేరడం గొప్ప మేలే, ఆకలి తీరిన సంగతిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ మార్పులో ఏ వంటలు పోయాయో, ఏవి ముసలమ్మల చేతుల్లో ఇంకా మిగిలాయో రాసిపెట్టే పని ఎవరూ చేయలేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు మన వీడియోల్లో ‘మిల్లెట్ దోశ’, ‘మిల్లెట్ బిర్యానీ’ అంటూ హోటళ్లు కొత్తగా పెట్టినవి వచ్చాయి గానీ, కొర్రన్నంలోకి ఏ పప్పు, ఏ చారు కలుపుకునేవారో అడగడానికి పత్తికొండ, ఆలూరు వైపు పల్లెలకు వెళ్లినవారు అరుదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి ‘సూర్యనంది’ అనే కొర్ర రకం వచ్చిందన్న సంగతి, కొర్రన్నం మీద వీడియో చేసినవారికి కూడా తెలిసినట్టు కనిపించదు.

చెనిక్కాయల, అంటే వేరుశనగ సంగతీ అంతే. సీమ ఇంట్లో చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి లేని వారం ఉండదు. సంగటిలోకి అదే, రొట్టెలోకి అదే, వేడన్నంలోకి అదే. ఆ గింజ వెనుక కదిరి పరిశోధన స్థానం చేసిన దశాబ్దాల పని ఉంది. కదిరి-6, కదిరి లేపాక్షి వంటి రకాలు అక్కడివే. ఏ రకం గింజలో నూనె ఎక్కువ, వేయిస్తే దేనికి కమ్మదనం వస్తుంది, ఏది పచ్చడికి బాగుంటుంది అన్నది చేలో పనిచేసే ఆడవాళ్లను అడిగితే చెబుతారు. అక్టోబరు, నవంబరులో చెట్టు పెరికి, పచ్చికాయలను ఉప్పు వేసి ఉడకబెట్టుకుని గట్టున కూర్చుని తినే రోజులకు మించిన దృశ్యం ఏ ఏసీ హోటల్లో దొరుకుతుంది? కడప జిల్లాలో పండే కృష్ణాపురం ఉల్లి మరో ఉదాహరణ. ఘాటైన ఆ ఉల్లి ఎక్కువగా ఆగ్నేయాసియా దేశాలకు ఎగుమతి అవుతుంది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఉల్లి ఎగుమతులను నిషేధించినప్పుడు ఆ రైతులు అల్లాడిపోయారు, అక్టోబరులో 10,000 టన్నులకు మినహాయింపు ఇస్తే కొంత ఊపిరి పీల్చుకున్నారు. ఎర్రకారం దోశ మీద రోజుకో వీడియో వచ్చే కడపలో, ఆ ఉల్లి పొలంలోకి వెళ్లిన కెమెరా నాకు కనబడలేదు.

ఇలాంటివి ఎవరు చూస్తారని అడిగేవాళ్లు కువైట్ వైపు చూడాలి. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి వేలాది మంది ఆడవాళ్లు, మగవాళ్లు అక్కడ ఇళ్లలో, డ్రైవర్లుగా పనిచేస్తున్నారు. పరాయి వంటింట్లో రోజంతా పరాయి వంట చేసే ఆడమనిషికి రాత్రి ఫోన్‌లో కడప బైపాస్ మీద తెరిచిన రెస్టారెంటుతో ఏం పని? ఆమె వెతికేది పుండికూర (గోంగూర) పప్పు, అలసంద వడలు, పండగనాటి ఓళిగలు, తన ఊరి మాట. బెంగళూరు, హైదరాబాద్‌లలో అద్దె గదుల్లో ఉండే మన పిల్లల సంగతీ ఇదే. వీళ్లు హోటల్ ప్రకటనదారుకు పనికిరారు, ఎందుకంటే రేపు వచ్చి ఆ టేబుల్ దగ్గర కూర్చోలేరు. వీడియో చేసే మనిషికి మాత్రం ఇంతకంటే నమ్మకమైన ప్రేక్షకులు దొరకరు. సభ్యత్వ రుసుము కట్టేవాళ్లు, పొడులు, పచ్చళ్లు తెప్పించుకునేవాళ్లు వీళ్లలోంచే వస్తారు.

అందుకే ఈ వృత్తిలో ఉన్నవారిని నేను కోరేది ఒకటే. వారంలో కనీసం రెండు రోజులు హోటల్ బేరాలకు సెలవిచ్చి, ఆ రోజులను ఇళ్లకు, పొలాలకు, సంతలకు ఇవ్వాలి. ఆ రెండు రోజులు పస్తుండమని కాదు. పప్పుల పొడి, ఎర్రకారం, రాగిపిండి, కొర్రబియ్యం తయారుచేసి అమ్ముకునే డ్వాక్రా మహిళా సంఘాలు మూడు జిల్లాల్లోనూ ఉన్నాయి, వాటికి లేనిది సరుకును పది ఊళ్లకు చూపించే మనిషే. వాళ్ల సరుకు చూపించి, అమ్ముడైన ప్రతి పొట్లం మీద ఇంత అని వాటా తీసుకోవచ్చు. తయారుచేసిన ఆమె పేరు, ఊరు, కిలో ధర, అందులో వీడియో చేసినవారికి వచ్చే వాటా ఎంతో వీడియో మొదట్లోనే తెర మీద అక్షరాల్లో వేయాలి. అలాంటి ఒప్పందాలు సంఘాల తరఫున కుదిర్చి, రాతపూర్వకంగా పెట్టే బాధ్యతను జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారులు తీసుకోవాలి. ఈసారి చెనిక్కాయల కోతలు మొదలయ్యేలోగా మూడు జిల్లాల్లోనూ తలా కొన్ని సంఘాలతో దీన్ని ప్రారంభించడానికి కొత్త పథకం గానీ, ప్రత్యేక నిధులు గానీ అక్కర్లేదు.