మైలేజ్ పడిపోయిందా? బంకోడిని తిట్టండి, బానెట్ లేపకండి

హన్మకొండలో పదిహేనేళ్ల పాత సెడాన్‌కు మైలేజ్ లీటరుకు 15 కిలోమీటర్ల నుంచి పదికి పడిపోతే నేరస్తుడి కోసం వెతకాల్సిన పనిలేదు. మొదటి ముద్దాయి బంకోడు, రెండో ముద్దాయి పెట్రోల్లో కలిపే ఇథనాల్. శిక్ష కూడా అప్పటికే పడి ఉంటుంది.

ప్రతి బంకులో 5 లీటర్ల కొలత డబ్బా ఉండాలి, అడిగితే మన ముందే పోసి చూపాలి, 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. కానీ అడగొద్దు. కొలత సరిగ్గా ఉందని తేలితే ఎంత అవమానం! ఇథనాల్ మీది కేసులో మాత్రం కొంత పస ఉంది. లీటరుకు లీటరు చూస్తే దాంట్లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి 20 శాతం కలిపితే ఆరేడు శాతం దెబ్బ. అంటే 15 ఇచ్చే బండి 14 ఇవ్వాలి. "మరి పదికెట్ల పడ్డదే?" అని అడిగినోడు కచ్చితంగా ఇథనాల్ కంపెనీ ఏజెంటే.

అసలు మైలేజ్ ఎంతో కొలవడం ఇంకా పెద్ద పాపం. నాజిల్ టక్కుమని ఆగేదాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిప్పి, అదే పంపు దగ్గర మళ్లీ టక్కుమనేదాకా పోయించి, కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే లెక్క తేలిపోతుంది. తేలిపోతే చాయ్ హోటల్లో మాట్లాడుకోను ఏం మిగులుతుంది? అందుకే ఐదొందలకు పోయించి ముల్లు వంక చూసి నిట్టూర్చడమే మన ఆచారం.

ఇక మన ప్రాంతపు గొప్ప ఆవిష్కరణ గురించి. థర్మోస్టాట్ అంటే, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) రేడియేటర్‌కు పోనివ్వని చిన్న వాల్వు. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకన్నా, తీసి పడేస్త, బండి సల్లగుంటది" అంటాడు మెకానిక్. రేడియేటర్ పైపు ఊడదీసి, రెండు బోల్టులు విప్పి, లోపలి వాల్వును తీసి డబ్బాలో పడేస్తాడు. బండి నిజంగానే చల్లబడుతుంది. ఎంతగా అంటే, కాజీపేట దాటి హైవే ఎక్కినా కూలెంట్ 65 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. నడి మే నెలలో బండికి చలికాలం! స్టీరింగ్ కింది సాకెట్లో చిన్న ఓబీడీ స్కానర్ (ఆ కంప్యూటర్ లెక్కలు చదివే పరికరం) గుచ్చి ఫోన్‌లో చూస్తే, కూలెంట్ వేడి పావుగంటలో 85 నుంచి 95 మధ్యకు చేరాలి. హైవే మీద తగ్గి, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో మాత్రమే పెరుగుతోందంటే వాల్వు లేనట్టు, లేదా తెరుచుకునే బిగుసుకున్నట్టు. ఉన్న వాల్వును గిన్నె నీళ్లలో దారంతో వేలాడదీసి కాచినా తెలుస్తుంది: దాని మీద 82 అని ఉంటే ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, అంతకు ముందు మూసుకునే ఉండాలి. కొత్తదాని ఖర్చు ఒక ఫుల్ ట్యాంక్‌లో చిన్న ముక్క. అందుకే ఎవరికీ నచ్చదు.

దాని బదులు ఎయిర్ ఫిల్టర్‌కు గాలి కొట్టిస్తారు. ఇంజెక్షన్ బండిలో మురికి ఫిల్టర్ పికప్‌ను తింటుందే గానీ మైలేజ్‌ను పెద్దగా ముట్టదు. లోపలికొచ్చే గాలిని బట్టే ఈసీయూ పెట్రోలు తగ్గించుకుంటుంది. కానీ దుమ్ము లేస్తుంటే కళ్లకు పని జరిగినట్టే ఉంటుంది కదా.

టైర్ల గాలి ఎంతుండాలో డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. చదవకండి. ఎండలో జనగామ దాకా పోయొచ్చి కొలిపించండి, వేడికి నాలుగు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది, తృప్తిగా ఉంటుంది.

చివరగా బ్రేకులు. పెద్దగా బ్రేక్ తొక్కకుండా పది కిలోమీటర్లు నడిపి దిగి, నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి (డిస్క్ ముట్టుకోకండి, కాలుతుంది). ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే కాలిపర్ (ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కే భాగం) పిన్నులు పట్టేసి ప్యాడ్ వదలడం లేదేమో. పిన్నులు తీసి, తుడిచి, బ్రేక్ గ్రీజు పూసి బిగించడానికి గంట పడుతుంది. అంతసేపట్లో బంపర్‌కు కొత్త నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కట్టించుకుని ఇంటికి పోవచ్చు.