ఉత్తుత్తి ప్రేమ మన ఊళ్లకు అతకదా?
ప్రేమికుల్లా నటించే జంట కథలు మహానగరాలకే సరిపోతాయి, విజయనగరం లాంటి ఊళ్లో నమ్మేలా ఉండవు అన్న మాటను నేను ఒప్పుకోలేను. ఇదే ఊళ్లో 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం నాటకంలో మగపిల్లాడికి ఆడవేషం వేసి ముసలి లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురిగా అంటగట్టారు కదా. అది ప్రేమకథ కాదు, నిజమే. కానీ ఉత్తుత్తి పెళ్లి చుట్టూ నవ్వు అల్లడం మనకు అప్పటి నుంచే తెలుసు. పైగా నగరంలో అబద్ధం ఆడితే అడిగేవాళ్లుండరు. ఇక్కడ పైడితల్లమ్మ జాతరలో సిరిమానోత్సవం రోజు ఇద్దరూ కలిసి మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడితే సాయంత్రానికల్లా పెదనాన్న ఫోన్ చేస్తాడు. మా పిన్ని కూతురు పెళ్లిచూపుల టెన్షన్ తప్పించుకోవడానికి ఆఫీసులో స్నేహితుణ్ణి అలాగే ప్రేమికుడిగా చూపించింది. వారం తిరక్కుండానే అతని తల్లి చీర, పసుపుకుంకుమ, పళ్లు పట్టుకుని వచ్చేశారు. ఆవిడ ముఖంలో సంతోషం చూసి మా చెల్లి నిజం చెప్పలేక రాత్రంతా ఏడ్చింది. ఇలాంటి నవలలో నాకు కావలసింది ఆ రాత్రే. సరదా సీన్లు ఎన్ని ఉన్నా, నమ్మిన పెద్దవాళ్ల ముందు తలెత్తలేని ఆ ఘట్టం లేకపోతే కథ నాకు మనసుకు పట్టదు.