సుంకి ఘాటీ నేర్పిన బ్రేకు

బైకు నేర్చుకునే కొత్తవాళ్లు ముందు 100, 125 సీసీ బండి మీద చెయ్యి తిరిగాకే పెద్ద బండి జోలికి వెళ్లాలని ఎవరో రాస్తే చదివాను. అక్షరాలా నిజం. మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. సాలూరులో చుట్టాలింటికి సుంకి ఘాటీ, అంటే మలుపుల కొండదారి, దిగే వెళ్లాలి. బండి నేర్చుకున్న కొత్తలో, వాన వెలిసిన సాయంత్రం, మలుపు మధ్యలో ఎదురుగా లారీ కనబడేసరికి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను. చక్రం జారి, బండితో పాటు నేనూ రోడ్డు పక్క కంకరలో పడ్డాం. అది 100 సీసీ బండి, పైగా మెల్లగా వెళ్తున్నాను కాబట్టి మోకాలు గీసుకుపోవడంతో సరిపోయింది.

అప్పటి నుంచి మలుపు రాకముందే స్పీడు తగ్గించి, రెండో గేరులోకి దించి, చూపు మలుపు అవతల పెడతాను. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం మాత్రం వద్దు బాబూ. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఇప్పుడు మా మేనల్లుడు కేటీఎం 390 డ్యూక్ బైకు కావాలని ఒకటే గోల. దానిది 40 హార్స్‌పవర్ పైమాటే, స్ప్లెండర్‌ది 8. "ఏబీఎస్ ఉంది కదా మావయ్యా" అంటాడు. ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు గానీ, స్పీడుగా దూరిన మలుపును తిప్పిపెట్టదు కదా! ముందు మైదానంలో నడక వేగంతో, కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వేసి చూపించరా అన్నాను. మూడు ఆదివారాలయింది, ఇంకా రెండో చుట్టులోనే కాలు ఆనిస్తున్నాడు.